స్వీడన్ పుస్తకాలు, ఎస్టోనియా ఏఐ, మన ఇళ్లలో ఫోన్లు

స్టాక్‌హోమ్ రేవులో సాయంత్రం ఓడెక్కితే మర్నాడు పొద్దున టాలిన్‌లో దిగుతాం. మధ్యలో అడ్డం బాల్టిక్ సముద్రం ఒక్కటే. ఇంత దగ్గరి రెండు దేశాలు బడిపిల్లల విషయంలో ఈమధ్య ఎదురెదురుగా కనిపించే దారులు పట్టాయి. 2023లో స్వీడన్ ప్రభుత్వం బడుల్లో స్క్రీన్లు తగ్గించి అచ్చు పుస్తకాలు పెంచాలని నిర్ణయించింది. ఆ ఒక్క ఏడాదే పాఠ్యపుస్తకాల కొనుగోలుకు 68.5 కోట్ల క్రోనర్లు కేటాయించింది. తర్వాతి రెండేళ్లూ ఏటా 50 కోట్ల క్రోనర్లు ఇస్తామంది. 2025 ఫిబ్రవరిలో ఎస్టోనియా అధ్యక్షుడు అలార్ కారిస్ దేశంలోని హైస్కూలు పిల్లల చేతికి కృత్రిమ మేధ అందించే కార్యక్రమాన్ని ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరులో మొదలైన తొలి విడతకు 10, 11 తరగతుల విద్యార్థులు 20 వేల మంది, టీచర్లు 3 వేల మంది లక్ష్యం. చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ సంస్థతో ఒప్పందం కుదిరింది.

మనకు ఈ రెండు వార్తలూ విడివిడిగా చేరాయి, విడివిడిగానే చలామణీ అవుతున్నాయి. మనవడి చేతిలో ఫోను చూసి బెంగపడే తాతగారు ‘స్వీడన్ లాంటి దేశమే మళ్లీ పుస్తకాల దారి పట్టింది, చూడండి’ అంటారు. అడ్మిషన్ల వేళ ఏఐ క్లాసులున్నాయని ఫ్లెక్సీ కట్టే బడి, ముందున్న దేశాలన్నీ ఇదే చేస్తున్నాయంటుంది. రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. అలా చదివితే వాటి మధ్య ఉందనుకున్న వైరం చాలావరకు కరిగిపోతుంది. మన ఇళ్లలో జరుగుతున్నది మాత్రం ఆ రెండింటికీ తలకిందులుగా ఉందన్న సంగతి బయటపడుతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

స్వీడన్ ముందు ఎంత దూరం వెళ్లిందో తెలిస్తేగాని ఎందుకు వెనక్కి తిరిగిందో అర్థం కాదు. 2000ల చివరి నుంచే అక్కడి మునిసిపాలిటీలు పిల్లవాడికొక లాప్‌టాప్ చొప్పున ఇవ్వసాగాయి. 2017లో బడుల డిజిటలీకరణకు జాతీయ వ్యూహం వచ్చింది. ఆ మరుసటి ఏడాది లెక్కల పాఠ్యప్రణాళికలో ప్రోగ్రామింగ్ చేరింది. 2019లో అమల్లోకి వచ్చిన ప్రీస్కూలు ప్రణాళిక ఇంకో అడుగు వేసి, అక్కడి పిల్లలకు కూడా డిజిటల్ పరికరాలు వాడి చూపించడం తప్పనిసరి చేసింది. స్వీడన్‌లో ప్రీస్కూలు అంటే ఏడాది వయసు నుంచి ఐదేళ్ల దాకా. మన అంగన్‌వాడీ ఈడు పిల్లలు, అంతకంటే చిన్నవాళ్లు కూడా. నడక సరిగా రాని పిల్లల ముందు టాబ్లెట్ ఉంచడం ప్రభుత్వ నిబంధనగా మారిన దేశం అది. అక్కడి నుంచి వెనక్కి తిరగడాన్ని మొత్తం సాంకేతికతనే కాదనడంగా చదవడం పొరపాటు.

2022 ఎన్నికల తర్వాత పాఠశాలల మంత్రి అయిన లొట్టా ఎడ్‌హోల్మ్ ఈ మార్పుకు ముఖం. జాతీయ విద్యా సంస్థ సిద్ధం చేసిన కొత్త డిజిటల్ వ్యూహాన్ని ఆమె పక్కన పెట్టారు. వైద్యరంగంలో పేరున్న కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ ఆ వ్యూహాన్ని తీవ్రంగా విమర్శిస్తూ, డిజిటల్ పరికరాలు చదువును పెంచకపోగా దెబ్బతీస్తాయనడానికి ఆధారాలున్నాయని, జ్ఞానం కోసం అచ్చు పుస్తకాల మీదా టీచరు అనుభవం మీదా మళ్లీ దృష్టి పెట్టాలని రాసింది. అదే సమయానికి పిర్ల్స్ ఫలితాలు వచ్చాయి. నాలుగో తరగతి పిల్లలు ఎంత బాగా చదివి అర్థం చేసుకుంటారో దేశదేశాల్లో కొలిచే పరీక్ష ఇది. స్వీడన్ సగటు 2016లో 555 ఉండగా 2021లో 544కు జారింది. ఆరేళ్లలోపు పిల్లలకు డిజిటల్ బోధన వద్దన్నారు. చేతిరాతకు, గ్రంథాలయాలకు, మౌనపఠనానికి ప్రాధాన్యం పెరిగింది. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రజారోగ్య సంస్థ ఇంటికి కూడా లెక్క చెప్పింది: రెండేళ్లలోపు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గరిష్ఠంగా గంట, ఆరు నుంచి పన్నెండేళ్ల వరకు ఒకటి, రెండు గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు రెండు, మూడు గంటలు. రాత్రిపూట పిల్లల పడకగదిలో ఫోను ఉండకూడదన్న సలహా కూడా అందులో ఉంది.

స్వీడన్ వాదనలో గట్టిగా ఉన్న భాగమూ, వదులుగా ఉన్న భాగమూ రెండూ ఉన్నాయి. పిర్ల్స్ మార్కులు తగ్గడానికి స్క్రీన్లే కారణమనడం వదులుగా ఉన్న భాగం. అదే పరీక్షలో ఫిన్లాండ్ 566 నుంచి 549కి, స్వీడన్ కంటే ఎక్కువే పడింది. పరీక్ష జరిగింది కోవిడ్ కాలంలో. చిన్న తరగతులను స్వీడన్ మూయకుండా నడిపినమాట నిజమే గాని, జబ్బుల వల్ల టీచర్లూ పిల్లలూ బడికి రాలేని రోజులు అక్కడా ఉన్నాయి. ఇంట్లో స్వీడిష్ మాట్లాడని వలస కుటుంబాల పిల్లలు పెరిగారు. పిల్ల ఎంచుకున్న బడికి ప్రభుత్వ సొమ్ము వెళ్లేలా 1992 నుంచి నడుస్తున్న వోచర్ల పద్ధతి బడికీ బడికీ మధ్య అంతరాన్ని పెంచిందన్న చర్చ ఆ దేశంలో ఎప్పటినుంచో ఉంది. పైగా 544 ఇప్పటికీ ప్రపంచంలో మంచి మార్కే. ఒక్క పరీక్ష ఫలితాన్ని పట్టుకుని లాప్‌టాప్‌ను దోషిగా నిలబెట్టడం రాజకీయానికి అనువుగా ఉంటుందేమో గాని విమర్శకు నిలవదు. ప్రీస్కూలు పిల్లల విషయంలో తీసుకున్న నిర్ణయానికి మాత్రం ఏ పరీక్ష మార్కులూ అక్కర్లేదు. మాట నేర్చే వయసులో పిల్లకు కావలసింది ఎదురుగా కూర్చుని బదులు చెప్పే మనిషి. అది ఏ తెరా ఇవ్వలేదు. స్వీడన్ వెనక్కి తీసుకున్నది ప్రధానంగా చిన్నపిల్లల చేతిలోంచి. పెద్ద తరగతుల్లో లాప్‌టాప్‌లు అక్కడ ఈరోజుకీ ఉన్నాయి. మన దగ్గర తిరిగే సందేశాల్లో ఈ ముక్క ఎక్కడా ఉండదు.

ఎస్టోనియా కథ 1996లో మొదలవుతుంది. సోవియట్ యూనియన్ నుంచి బయటపడి అయిదేళ్లు. జనాభా పదిహేను లక్షలు కూడా లేదు, ఖజానాలో డబ్బు లేదు. అప్పట్లో అమెరికాలో రాయబారిగా ఉన్న టూమస్ హెండ్రిక్ ఇల్వెస్, విద్యామంత్రి యాక్ ఆవిక్సూ కలిసి ప్రతి బడికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇవ్వాలన్న ఆలోచన చేశారు. అధ్యక్షుడు లెన్నార్ట్ మేరి ‘పులి దూకు’ పేరుతో దాన్ని దేశం ముందుంచారు. శతాబ్దం మారేసరికి ఆ దేశపు బడులు ఆన్‌లైన్‌లోకి వచ్చేశాయి. కార్యక్రమంలో టీచర్లకు కంప్యూటర్ శిక్షణ మొదటి నుంచీ భాగం. 2025 నాటి ఏఐ కార్యక్రమానికి ఆ పాత పేరునే కొద్దిగా మార్చి పెట్టుకున్నారు.

2022 పిసా పరీక్షల్లో, అంటే పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పరీక్షల్లో, ఎస్టోనియా లెక్కల్లో 510, చదవడంలో 511, సైన్సులో 526 తెచ్చుకుంది. లెక్కల్లో, సైన్సులో ఐరోపాలో దానిదే మొదటి స్థానం. స్వీడన్‌కు వరుసగా 482, 487, 494 వచ్చాయి. ఈ అంకెలు చూపించి ‘కంప్యూటర్లు ఇచ్చిన దేశం గెలిచింది’ అనడం సులువు. కాని స్వీడన్ ఇంతకంటే తక్కువ కంప్యూటర్లు ఇచ్చిందా? లేదు. రెండు దేశాలూ పరికరాల్లో ఏమాత్రం వెనకబడినవి కావు. తేడా మరెక్కడో ఉంది. ఎస్టోనియాలో బడి ఏడేళ్లకు మొదలవుతుంది, అంతకుముందు దాదాపు పిల్లలందరూ ప్రీస్కూలుకు వెళతారు. టీచరు కావడానికి మాస్టర్స్ డిగ్రీ కావాలి. ఏ పుస్తకం, ఏ పరికరం, ఏ పద్ధతి వాడాలో తేల్చుకునే స్వేచ్ఛ టీచరుకు ఉంది. మధ్యాహ్న భోజనం ఉచితం. అందుకే స్వీడన్ మార్కులు పడటానికి స్క్రీన్లను తప్పుపట్టడం ఎంత తొందరపాటో, ఎస్టోనియా మార్కులకు కంప్యూటర్లను మెచ్చుకోవడమూ అంతే తొందరపాటు. రెండుచోట్లా అసలు బరువు మోసింది టీచరు.

ఇప్పుడు 2025 నాటి కార్యక్రమాన్ని ఆ కన్నుతోనే చూడాలి. అది ఎవరికి? పదో తరగతి, పదకొండో తరగతి. అక్కడ పదో తరగతి పిల్లలకు పదహారేళ్లు. ఎనిమిదో తరగతికి లేదు, అయిదో తరగతికి లేదు. ముందు ఎవరికి? టీచర్లకు. వాళ్లు కూడి నేర్చుకుని, తమ పాఠంలో దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తేల్చుకునేలా శిక్షణ ఏర్పాటైంది. ఎందుకు? విద్యామంత్రి క్రిస్టీనా కల్లాస్ వాదన సూటిగా ఉంది: పిల్లలు ఎలాగూ వాడుతున్నారు, బడి ఊరుకుంటే వాళ్లు దాన్ని హోంవర్కు తప్పించుకోవడానికే వాడతారు, డబ్బు కట్టగల ఇళ్ల పిల్లలకు మంచి యంత్రం, మిగతావాళ్లకు ఉచిత యంత్రం దొరుకుతాయి. ఈ మూడోమాట నాకు బలంగా తోస్తుంది. ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే, దాని భారం బీద పిల్లల మీద పడుతుంది.

ఈ కార్యక్రమంలో నాకు నచ్చనిది ఒకటుంది. ఒక దేశపు పిల్లల చదువు అమెరికన్ కంపెనీల ఉత్పత్తుల చుట్టూ అల్లుకుంటోంది. రేపు ధర మారినా, నిబంధన మారినా ఆ చిన్న దేశం చేతిలో ఏముంటుంది? పైగా ఇది ఇంకా మొదటి అడుగుల్లో ఉంది. పిల్లలకు ఏం మేలు జరిగిందో చెప్పగల పరీక్షా ఫలితాలు రాకముందే దీన్ని విజయగాథగా చెప్పకూడదు. ఎస్టోనియా పేరు ఎత్తి ఫీజు పెంచే ఏ బడికైనా ఇదే జవాబు చెప్పాలి. తొందరపడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 2025 మార్చిలో ఏఐ పాఠ్యపుస్తకాలు మొదలుపెట్టి, టీచర్లూ తల్లిదండ్రులూ ఎదురుతిరిగాక అదే ఏడాది ఆగస్టులో వాటికి పాఠ్యపుస్తకం హోదా తీసేసి అదనపు సామగ్రిగా మార్చేసింది.

పదహారేళ్ల పిల్లకు ఇస్తే మాత్రం ఏం లాభం, ఏం నష్టం? దీనికి ఇప్పటికి దొరికిన మంచి జవాబు టర్కీలోని ఒక హైస్కూల్లో జరిగిన ప్రయోగం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు వెయ్యిమంది పిల్లలను లెక్కల క్లాసులో మూడు రకాలుగా విడదీశారు. కొందరికి పుస్తకం, నోట్సు మాత్రమే. కొందరికి మామూలు చాట్‌జీపీటీ లాంటి యంత్రం. మరికొందరికి అదే యంత్రం, కాని జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా, పిల్లలు ఎక్కడ తడబడతారో టీచర్లు ముందే చెప్పిపెట్టినది. అభ్యాసం చేసేటప్పుడు మామూలు యంత్రం వాడిన పిల్లల మార్కులు 48 శాతం, ట్యూటరుగా మలచిన యంత్రం వాడినవాళ్ల మార్కులు 127 శాతం పెరిగాయి. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు యంత్రం వాడినవాళ్లు, ఏ యంత్రమూ వాడనివాళ్ల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ట్యూటరు యంత్రం వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు, అలాగని లాభమూ లేదు. తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతి నష్టపోయిన పిల్లలకు తెలియనే లేదు.

ఈ ఆఖరి వాక్యం దగ్గర ప్రతి తల్లీ తండ్రీ ఒక్క క్షణం ఆగాలి. హోంవర్కు పుస్తకం నిండా టిక్కులు ఉంటాయి, పిల్లకు వచ్చేసిందని మనకు అనిపిస్తుంది, పిల్లకూ వచ్చేసిందనే అనిపిస్తుంది, పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు మాత్రం చెయ్యి కదలదు. కంపెనీలకు ఇది తెలియక కాదు. ఓపెన్‌ఏఐ 2025 జులైలో ‘స్టడీ మోడ్’ పెట్టింది. అది జవాబు చెప్పేముందు ప్రశ్నలు అడుగుతుంది. కాని ఒక్క నొక్కుతో దాన్ని ఆపేసి మామూలు యంత్రానికి వెళ్లిపోవచ్చు. రాత్రి పదింటికి, తెల్లారితే హోంవర్కు చూపించాల్సిన పిల్లవాడు ఏ మీట నొక్కుతాడో ఊహించడం కష్టం కాదు. ఎస్టోనియా ఈ పనిని పిల్లవాడి సంకల్పానికి వదలకుండా టీచరు చేతికి ఇవ్వాలని చూస్తోంది. ఆ తేడాయే అసలు తేడా.

బడికీ ఇంటికీ మధ్య నడిచే సాంకేతికతలో కూడా ఈ రెండు దేశాలనూ పోల్చి చూడాలి. పిల్లల చదువు యాప్‌ల గురించి ఎంతో మాట్లాడతాం గాని, తల్లిదండ్రులు రోజూ తెరిచే యాప్ గురించి ఎవరూ రాయరు. ఎస్టోనియాలో 2000ల మొదటి నుంచే ఇకూల్ అనే వ్యవస్థ ఉంది. మార్కులు, హాజరు, హోంవర్కు, టీచరు రాసిన మాట, అన్నీ తల్లిదండ్రులకు ఒకేచోట కనిపిస్తాయి. చిన్నగా మొదలై వాడుకలో పెరిగింది. స్టాక్‌హోమ్ నగరం 2018లో తన బడులన్నిటికీ ఒకే పెద్ద వేదిక తెచ్చింది. ఖర్చు వంద కోట్ల క్రోనర్లు దాటింది. పిల్లవాడికి రేపు ఆటల క్లాసు ఉందో లేదో తెలుసుకోవడానికి కూడా తల్లులు, తండ్రులు నానా తంటాలు పడాల్సి వచ్చింది. అంతకంటే ఘోరం, భద్రతా లోపాల వల్ల పిల్లల వివరాలు ఇతరులకు కనిపించే పరిస్థితి వచ్చింది. దాని మీద డేటా రక్షణ సంస్థ 2020లో నగరానికి 40 లక్షల క్రోనర్ల జరిమానా వేసింది. చివరికి సాఫ్ట్‌వేర్ పని తెలిసిన కొందరు తల్లిదండ్రులే 2021లో ఆ వ్యవస్థకు సులువైన యాప్ రాసుకున్నారు. నగరం ముందు వాళ్ల మీద పోలీసులకు ఫిర్యాదు చేసి, అందులో తప్పేమీ తేలక, తర్వాత మెట్టు దిగి ఒప్పందానికి వచ్చింది. ఇది స్వీడన్ డిజిటల్ కథలో నాకు అన్నిటికంటే విలువైన అధ్యాయం. ఆ తల్లిదండ్రులు సాంకేతికత వద్దనలేదు, తమకు పనికొచ్చేది కావాలన్నారు. మన బడుల వాట్సాప్ గ్రూపుల్లో డైరీ ఫొటోలు, ఫీజు గడువులు, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య టీచరు మన పిల్ల గురించి రాసిన ఒక్క మాట వెతుక్కునే తల్లికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

ఇక మన సంగతి. స్వీడన్ ఏ వయసులో వద్దందో ఆ వయసులో మనం ఇస్తున్నాం. ఏడాది పిల్లకు ముద్ద మింగడానికి యూట్యూబ్ పాట, రెండేళ్ల పిల్లవాడు ఏడుపు ఆపడానికి ఫోను. ఇందులో తల్లుల తప్పేమీ లేదు. పొద్దున్నే వంట, బస్సు, ఉద్యోగం మధ్య, చేదోడుకు పెద్దవాళ్లు లేని ఇంట్లో, ఒక్క చెయ్యి ఖాళీ కావడానికి మరో దారి కనిపించదు. కాని ఫలితం మారదు. ఎస్టోనియా ఏ వయసులో చేయి పట్టుకుని నేర్పుతోందో ఆ వయసులో మనం లాక్కుంటున్నాం. టెన్త్ రాగానే ఫోను బీరువాలోకి వెళుతుంది. ఇంటర్మీడియట్‌లో పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీ గోడల మధ్యకు వెళతారు; ఇంటికి ఎప్పుడో ఒకసారి వార్డెన్ ఫోనులో మాట, మిగతా రోజులన్నీ మెటీరియల్, స్లిప్ టెస్ట్. ఆ రెండేళ్లు దాటి బీటెక్‌లో చేరిన రోజున కొత్త లాప్‌టాప్, కొత్త ఫోను, హాస్టల్ వైఫై, చాట్‌జీపీటీ అన్నీ ఒకేసారి చేతికి వస్తాయి. అప్పుడు పక్కన టీచరూ ఉండరు, తల్లీ తండ్రీ ఉండరు. అసైన్‌మెంటు, ల్యాబ్ రికార్డు, మినీ ప్రాజెక్టు అన్నీ యంత్రం రాసిపెడుతుంది. టర్కీ ప్రయోగంలో మామూలు యంత్రం వాడిన పిల్లలు ఎలా నష్టపోయారో మనం నాలుగేళ్లపాటు పెద్ద ఎత్తున అదే జరగనిస్తున్నాం.

పల్లెల్లో కూడా పరిస్థితి వేరుగా లేదు. దేశవ్యాప్తంగా గ్రామీణ పిల్లల మీద జరిగిన అసర్ 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్లవాళ్లలో 82 శాతానికి స్మార్ట్‌ఫోను వాడటం తెలుసు. అంతకుముందు వారంలో దాన్ని ఏదో ఒక చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఫోను అక్కడికి చేరిపోయింది. నేర్పేవాళ్లు చేరలేదు.

ప్రభుత్వాలు ఏం చేశాయి? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు బైజూస్ పాఠాలు నింపిన టాబ్‌లు అయిదు లక్షలకు పైగా పంచింది. బీద పిల్ల చేతికి మంచి పరికరం ఇవ్వాలన్న ఉద్దేశాన్ని నేను తక్కువ చేయను. కాని టాబ్‌లో ఉన్నది ప్రధానంగా వీడియో పాఠం. ఎనిమిదో తరగతిలో ఉండి అయిదో తరగతి భాగహారం రాని పిల్లకు ఎనిమిదో తరగతి వీడియో ఏం చేస్తుంది? 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. బయటి కంపెనీ మీద ఆనుకుంటే ఏమవుతుందని ఎస్టోనియా విషయంలో అడిగిన ప్రశ్నకు మన అనుభవమే ఒక జవాబు. తెలంగాణలో 2025లో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో, చదవడంలో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు ఏఐతో అభ్యాసం మొదలుపెట్టారు. పరికరం ఇంటికి రాదు, బడిలోనే ఉంటుంది. పిల్ల తన స్థాయి నుంచి మొదలుపెట్టి కొద్ది నిమిషాలు చేసి లేచిపోతుంది. చిన్న వయసు కాబట్టి స్వీడన్ అభ్యంతరం దీనికీ వర్తిస్తుందని ఎవరైనా అనవచ్చు. ఇంట్లో గంటలకొద్దీ ఒంటరిగా చూసే తెరకీ, టీచరు పక్కన ఉండగా కాసేపు చేసే అభ్యాసానికీ పోలిక లేదు.

ఈ రెండో పద్ధతికి ఆధారం మన దేశంలోనే ఉంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాల మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 619 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని అది చూపించింది. తొంభై నిమిషాల్లో సగం సేపు పిల్ల స్థాయిని బట్టి మారే సాఫ్ట్‌వేర్, మిగతా సగం చిన్న గుంపుగా ఒక సహాయకుడి దగ్గర కూర్చుని చదువు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. తరగతిలో ఏమీ అందని వెనకబెంచీ పిల్లలకూ అది అందింది. యంత్రం, మనిషి సగం సగం. పరికరాల మీద డబ్బు ఖర్చు పెట్టే ఏ ప్రభుత్వమైనా, ఏ ప్రైవేటు బడి అయినా ఆ సగం మనిషి ఖర్చును బడ్జెట్‌లో ఎక్కడ రాసిందో చూపించాలి.

కేంద్ర విద్యాశాఖ 2026-27 నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధ, గణనాత్మక ఆలోచన పాఠ్యప్రణాళికలో భాగమవుతాయని ప్రకటించింది. భయపడేవాళ్లూ సంబరపడేవాళ్లూ ఇద్దరూ ఒక తేడా గమనించాలి. ఏఐ ఎలా పనిచేస్తుందో ఎనిమిదేళ్ల పిల్లకు ఆటలతో, అట్టముక్కలతో, ఏ స్క్రీనూ లేకుండా నేర్పవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లను చాట్‌బాట్ ముందు కూర్చోబెట్టడం వేరే పని. చాట్‌జీపీటీ సొంత నిబంధనల ప్రకారమే పదమూడేళ్లు నిండనివాళ్లు దాన్ని వాడకూడదు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. 2025 సెప్టెంబరు నుంచి పిల్ల ఖాతాను తల్లి లేదా తండ్రి తమ ఖాతాతో కలుపుకుని వాడే వేళలు కట్టడి చేసే వీలు కూడా వచ్చింది. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి కావాలంటుంది, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడం నిషేధిస్తుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, పిల్ల ఫొటో, ఆధార్ నంబరు, మార్కులు ఏ యాప్‌లో పెడుతున్నారని బడిని అడిగే హక్కు మనకు ఉంది.

రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు ఇది. ఐదేళ్ల లోపు పిల్లల విషయంలో స్వీడన్ మాట పూర్తిగా వినాలి. ప్రాథమిక తరగతుల్లో పుస్తకం, చేతిరాత, గట్టిగా చదవడం ముందు. యంత్రం ఉంటే బడిలో, టీచరు పక్కన, కొద్దిసేపు. టెన్త్ నుంచి ఎస్టోనియా మాట వినాలి. ఫోనును బీరువాలో పెట్టినంత మాత్రాన పిల్లవాడికి దాన్ని వాడటం రాదు. కాని టీచర్లకు శిక్షణ ఇవ్వకుండా లైసెన్సులు కొన్న బడిలో ఎస్టోనియా లేదు. ఇంటర్మీడియట్ రెండేళ్లలో, వారానికి ఒక్క పీరియడైనా, లెక్చరర్ ఎదురుగా ఉండి ఏఐ ఇచ్చిన జవాబులో తప్పు పట్టుకోవడం నేర్పని కాలేజీ ఎన్ని ర్యాంకులు చూపించినా పిల్లను ముందున్న చదువుకు సిద్ధం చేయనట్టే లెక్క.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కార్డు చేతికి తీసుకున్నాక లేచి రాకండి. ఏఐ ఏ తరగతి నుంచి వాడుతున్నారు, మా పిల్ల టీచరుకు ఎవరు నేర్పారు, జవాబు చెప్పే యంత్రమా ప్రశ్న అడిగే యంత్రమా, మా పిల్ల వివరాలు ఎవరి దగ్గర ఉంటున్నాయి అని అడగండి. వాళ్ల దగ్గర జవాబు లేకపోతే పక్క తల్లిదండ్రులతో కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి. స్టాక్‌హోమ్‌లో తల్లిదండ్రులు నగరాన్నే దారికి తెచ్చారు. మన ఊళ్లోనూ అడిగితే వస్తుంది.